కుడిపక్క నిలబడ్డవాడు

1945 నవంబరు 7, బుధవారం

టోపీ చుట్టుకొలత ఇరవై రెండు అంగుళాలు. తెల్లగుడ్డ, అంచున నల్లదారం కుట్టు, లోపల చెమట మరక. ఖాదర్ బీ దాన్ని నా బల్ల మీద పెట్టి, "నా సత్తార్ మొఖం దీనికి సరిపోవాలె బేటా. గంత పెద్దగ తీయి" అన్నది.

పదేళ్ళుగా ఈ ఇబ్రహీంపట్నంలో ఫొటోలు తీస్తున్నాను, ఫ్రేములు కడుతున్నాను. గోడ కొలత తెచ్చినవాళ్ళున్నారు. దేవుడి పటం పక్కన సరిగ్గా పట్టాలని జానలతో కొలుచుకొని వచ్చినవాళ్ళున్నారు. టోపీ తెచ్చిన మనిషిని ఇప్పుడే చూశాను. ఆనాడు ఫొటో తీసిన గాజు ప్లేటు నా దగ్గరుంది, దాని మీద సత్తార్ ముఖం చింతగింజంత. దాన్ని ఈ టోపీ కిందికి తేవాలంటే పదహారు రెట్లు పెంచాలి. ఆ కాగితం మా తలుపంత అవుతుంది. ఆ సంగతే చెప్పాను. విన్నది, టోపీ అక్కడే వదిలి వెళ్ళిపోయింది.

గోడకు పెట్టదట. అది నమాజు చదివే ఇల్లు. పెట్టెలో బట్టల మధ్య దాచుకుంటుందట. అయినా పెద్దదే కావాలట.

నా తల దిమ్మెక్కి ఉంది. మొదటి నుంచి రాసుకుంటే కొంచెం సర్దుకుంటుందేమో.

దీపావళి ముందురోజు నా షాపు పేరుమీద ఇంగ్లీషు ఉత్తరం వచ్చింది. నాకు ఇంగ్లీషు రాదు. నేనే దాన్ని పట్టుకొని పోస్టుమాస్టరు అబ్దుల్ కరీం సాబ్ దగ్గరికి పోయాను. పోకుండా ఉంటే బాగుండేది. నా తమ్ముడు అంజిలయ్య, ఖాదర్ బీ కొడుకు సత్తార్, ఇద్దరూ నలభై ఒకటిలో నిజాం పల్టన్‌తో మలయా పోయారు. సింగపూర్ పడిపోయిన నాటి నుంచి ఇద్దరి కబురూ లేదు. ఉత్తరం మలబారు వాడొకడు రాశాడు. జపాన్ వాళ్ళ ఖైదులో రోగులకు సేవ చేసేవాడట. జూన్‌లో ఒక సిపాయి జ్వరంతో, మాట పడిపోయి చనిపోయాడు, పేరు తెలియదు, కాగితాలు లేవు, జేబులో ఒక ఫొటో మాత్రం ఉంది, వెనక మీ షాపు ముద్ర ఉంది, అని రాశాడు. ఫొటోను వాడితోపాటే పూడ్చిపెట్టారట. అందులో ఇద్దరు సిపాయిలు ఉన్నారట.

"ఫొటో సూసేటోని కుడిచెయ్యి దిక్కు నిలబడ్డోడే సచ్చిపోయిండు అని రాసిండు" అన్నాడు కరీం సాబ్. రెండుసార్లు చదివి, రెండుసార్లూ అదే చెప్పాడు.

అప్పటికే పదిమంది గుమిగూడారు. అందరూ నా షాపుకు వచ్చి బల్ల వెనక గోడ మీదున్న ఫొటో చూశారు. ఎడమన అంజిలయ్య. కుడిన సత్తార్, తమ్ముడి భుజం మీద చెయ్యేసి. ఖాదర్ బీ అక్కడే మట్టిలో కూలబడింది. మా అమ్మ ఆమెను పట్టుకొని ఏడ్చింది. ఏడుస్తూనే నా వైపు చూసింది. ఆ కళ్ళలో సంతోషం ఉంది. తప్పు పట్టను, తల్లి కదా.

అందరూ నా గోడ మీది ఫొటోనే చూశారు. ఆ సంగతి ఇప్పుడు రాయను.

నవంబరు 8

సైజు సంగతి తేల్చాలి. ఇక్కడ నేను చేయగలిగింది ప్లేటు ఎంతుందో అంత ప్రింటే, నాలుగుంపావు అంగుళాలు, మూడుంపావు అంగుళాలు. పెంచాలంటే ప్లేటును పట్నానికి, బుర్హానుద్దీన్ సాబ్ స్టూడియోకు పంపాలి. 8×6 చాలు అంటే ఆమె ఒప్పుకోదు. 15×12 అయితే పెట్టెలో పట్టదు. 12×10 నడిమిరకం. పైగా ఒక్క సత్తారే కావాలంటే మధ్యలో కోయాలి. కోస్తే వాడి చెయ్యి తెగుతుంది. చెయ్యి ఉంచితే తమ్ముడి భుజం వస్తుంది. అట్ట నడుమ కోడిగుడ్డు ఆకారం కోసి ఫొటో పైన పెడితే రెండూ కనపడవు.

అమ్మ అంటోంది, "మనోనిది సుత ఒకటి పెద్దగ చేపియ్యి కొడుకా. వస్తే సూసుకుంటడు." తమ్ముడి భార్య బాలనర్సమ్మ వద్దన్నది. బతికున్నవాళ్ళను గోడకు ఎక్కించొద్దట. నా భార్య పోయాక ఈ ఇంట్లో మేం ముగ్గురమే. ముగ్గురిలో మంచి బుద్ధి ఆమెదే.

మొన్న వచ్చిన గాజుపలకల్లో రెండు పగిలాయి. బస్సువాడికి గాజన్నా రాయన్నా ఒకటే.

నవంబరు 9

పని చాలా ఉంది. ఏమీ రాయను.

నవంబరు 12

రాయాలి. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు.

నలభై ఒకటి మార్చిలో వాళ్ళు బయలుదేరే పొద్దున ఆ ఫొటో తీశాను. బస్సు వచ్చి నిలబడింది. డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు. ప్లేటు కడిగి, ఆరీ ఆరకముందే చట్రంలో బిగించి, కాగితం పెట్టి ఎండలో ప్రింటు తీశాను. ప్లేటుకు రెండు ముఖాలు. ఒకవైపు మందు పూత, ఇంకోవైపు ఉత్త గాజు. పూత కాగితానికి ఆనాలి. పనిలో చేరిన మొదటి రోజు నేర్పే పాఠం అది. ఆ తొందరలో నేను ఉత్త గాజు ఆనించాను. అట్లా పెడితే ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమ అవుతుంది. గాజు మందం అడ్డొచ్చి ముఖాలు కొంచెం మసకబారతాయి కూడా.

బస్సు పోయాక, మొదట తీసి సరిగ్గా రాలేదని పక్కన పడేసిన కాగితం చూసుకుంటే తెలిసింది. చొక్కా బొత్తాలు అవతలి వైపుకు మారి ఉన్నాయి. ఇద్దరి జేబుల్లోనూ తిరగబడ్డ ఫొటోలే పోయాయి. తరవాత ప్లేటు సరిగ్గా పెట్టి షాపుకు ఇంకొకటి తీసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఈశ్వరయ్యకు ప్లేటు పెట్టడం రాదంటే నా షాపు ముందు ఎవరు నిలబడతారు?

వాళ్ళు తీసుకెళ్ళిన ఫొటోలో కుడిపక్క నిలబడ్డవాడు సత్తార్ కాదు.

రాసేశాను.

అయినా రెండూ తిరగబడ్డాయని ఏముంది? రెండోది తీసేటప్పుడు సరిచేసి ఉంటానేమో. నాలుగున్నరేళ్ళ కిందటి మాట, ఎవరికి గుర్తు? ఆ మలబారు వాడికి జ్వరం రోగుల మధ్య కుడీ ఎడమా ఏం తెలిసి ఉంటుంది? తెలియని సంగతి పట్టుకొని ఒక ఇంట్లో గాజులు పగలగొట్టించనా?

నవంబరు 16

బక్రీద్. ఖాదర్ బీ ఇంట్లో పొయ్యి వెలగలేదు. అమ్మ జొన్నరొట్టెలు పట్టుకొని పోయి, ఆమెకు బలవంతాన ఒక ముక్క తినిపించి వచ్చింది.

వీధిలోకి గాజులామె వచ్చింది. అమ్మ బాలనర్సమ్మను కూర్చోబెట్టి ఆకుపచ్చ గాజులు డజను తొడిగించింది. "నీ మొగడు వస్తడు, ఉత్త చేతులతోటి ఎదురుపోతవా" అన్నది. బాలనర్సమ్మ సిగ్గుపడింది. షాపులోకి వచ్చి కూర్చున్నాను.

నవంబరు 19

బుర్హానుద్దీన్ సాబ్ ప్లేటు తిప్పి పంపాడు, దానితో నమూనాలు. 8×6, 12×10, 15×12. నడుము నుంచి పైకి సత్తార్, వాడి చెయ్యి కింద తమ్ముడు కూడా పడ్డాడు. వెంట చీటీ: "ఈశ్వరయ్య, ముఖం ఎంత పెంచితే మనిషి అంత పోతున్నడు. పదిహేనుల ఉత్త చుక్కలే ఉన్నయి. ఎనిమిదిల మనిషి ఉన్నడు. నీ ఇష్టం."

మూడూ బల్ల మీద పరిచాను. ఆయన మాట నిజం. పదిహేను అంగుళాల దానిలో రాగులు చల్లినట్టుంది. దూరం నుంచి చూస్తే ఎవరైనా కావచ్చు. నా తమ్ముడు కూడా కావచ్చు. చాలాసేపు అట్లాగే చూస్తూ కూర్చున్నాను.

నవంబరు 20

12×10 సరైన సైజు. అంతే.

నవంబరు 21

12×10 సరైన సైజు.

నవంబరు 24

బాలనర్సమ్మ బడిపంతులు భార్య కమలమ్మ దగ్గరికి పోయి అక్షరాలు నేర్చుకుంటోందని తెలుసు. బతుకమ్మ పండుగ ముందు నుంచే పోతోంది. ఆడవాళ్ళు పొద్దుపోక ముచ్చట్లు పెట్టుకుంటున్నారనుకున్నాను. ఇవాళ నా షాపు బోర్డు ముందు నిలబడి, వేలు పెట్టి, "ఫొ... టో... లు తీ... య... బ... డును" అని చదివింది. చదివి నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఆమె పెట్టెలో తమ్ముడి ఉత్తరం ఉంది. ఓడ ఎక్కే ముందు రాసింది, అదొక్కటే వచ్చింది. వాడికి తెలుగు నేర్పింది నేనే. ఉత్తరం వచ్చినప్పుడు చదివి వినిపించిందీ నేనే. అందులో ఒక లైను చదవకుండా దాటేశాను. అప్పుడు అది నవ్వులాటే, నా పరువు కోసం దాటేశాను. లైను నాకు నోటికి వచ్చు.

"ఫొటోల నన్ను ఎడమచేతోన్ని చేసినవ్ అన్నా. ఇద్దరియి గట్లనే తిరగబడ్డయి. సత్తార్ మస్తు నవ్విండు. ఎవలకు చెప్పం తీ, ఫికర్ చెయ్యకు."

ఇద్దరియి గట్లనే తిరగబడ్డయి. పన్నెండో తారీకున రాసేటప్పుడు ఈ లైను గుర్తులేదా నాకు? ఉంది.

నవంబరు 25

బాలనర్సమ్మతో, "ఆ ఉత్తరం పాతబడి చినిగిపోతది, ఇయ్యి, అద్దం కట్టి ఇస్త" అన్నాను. నా ఉద్దేశం నాకే అసహ్యం వేసింది. ఆమె, "వద్దు బావా, అద్దం కడితే ముట్టుకోనికి రాదు" అన్నది.

నవంబరు 28

12×10 ఫ్రేము కట్టడం ముగిసింది. టేకు పట్టీ, కోడిగుడ్డు ఆకారం కోతతో అట్ట. మూలలు అతికినట్టే కనపడవు. ఇంత శుభ్రమైన పని ఈ ఏడాదిలో చేయలేదు.

ఖాదర్ బీ వచ్చింది. ఒళ్ళో పెట్టుకొని చూసింది. టోపీ తీసి ముఖం పైన పెట్టి చూసింది. టోపీ ముందర ముఖం చిన్నపిల్లవాడి ముఖంలా ఉంది. అట్ట అంచు మీద వేలు తిప్పింది.

"వాని చెయ్యేడ వోయింది బేటా?"

"లోపల ఉన్నది. అట్ట కింద."

"అంజిలయ్య మీద ఏసిండు గద చెయ్యి. వాన్ని సుత ఉంచు. ఇద్దరు కలిసే పోయిన్రు. నా కొడుకును ఒక్కన్ని చేసి ఇస్తే నేనేం చేసుకోను?" తరవాత మెల్లగా అన్నది, "నీ తమ్ముడు బతికి రానీ. పహాడీషరీఫ్ దర్గల మొక్కుకున్న. నాది వోయింది, మీదన్న ఉండనీ అని."

ఫ్రేము మళ్ళీ విప్పుతానని చెప్పాను. టోపీ ఇంకా నా దగ్గరే ఉంది.

నవంబరు 30

రెండు రోజులుగా అట్టను కొత్తగా కోస్తున్నాను. కోసినవన్నీ వంకరగా వస్తున్నాయి. అమ్మ పిలిస్తే ఉలిక్కిపడుతున్నాను. కమలమ్మ ఎదురుపడితే పక్క గల్లీలోకి తప్పుకున్నాను. నలభై ఏళ్ళ మనిషిని.

రేపు ఖాదర్ బీకి చెప్తాను.

డిసెంబరు 1

పెద్దచెరువు కట్టదాకా ఖాదర్ బీ ఇంటివైపే నడిచాను. కట్ట మీద కూర్చొని వచ్చేశాను. ఎండ ఎక్కువగా ఉంది.

డిసెంబరు 3

మధ్యాహ్నం బాలనర్సమ్మ ఉత్తరం పట్టుకొని షాపులోకి వచ్చింది. తలుపు దగ్గరగా వేసింది.

"బావా, గీ లైను నువ్వు నాకు సదివి చెప్పలేదు."

వేలు సరిగ్గా అక్కడే ఉంది.

"పది దినాల సంది కూడబలుక్కుంట సదువుతున్న. కమలమ్మకు చూపియ్యలేదు. ఇద్దరియి తిరగబడ్డయి అంటే ఏంది?"

చెప్పొచ్చు, ఏదో ఒక అబద్ధం. ఇన్నాళ్ళు రోజుకొకటి నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. కాని ఆమె ముఖం చూశాక ఒక్కటీ నోటికి రాలేదు. బల్ల కిందినుంచి ఆనాడు పారేయకుండా దాచిన ప్రింటు తీసి, గోడ మీది ఫొటో పక్కన పెట్టాను. రెండూ చూసింది. ఇటు చూసి అటు చూసింది. బొత్తాలు చూసింది. తరవాత తిరగబడ్డ దానిలో కుడిపక్కన నిలబడ్డవాడి మీద వేలు పెట్టింది.

"ఆయన జేబుల ఉన్నది గిదేనా?"

"అవ్."

"గా మలబారాయన సూసింది గిదేనా?"

"అవ్."

వేలు తీయలేదు. ఏడవలేదు. "నీకెప్పటి సంది ఎర్క?" అన్నది.

"ఉత్తరం వచ్చిన దినం సంది."

"నెల దినాలు" అన్నది. "నా సంగతి ఇడ్సిపెట్టు. నాకు ఇంకో నెల గాజులు తొడిగించినవ్, గంతే. ఆ ముసలామెను నెల దినాలు ఎట్ల ఏడ్పిచ్చినవ్ బావా? ఎదురుంగ కూసోని ఆమె కొడుకు మొఖానికి సైజులు చెప్పుకుంట."

"నీ మొఖం చూసి చెప్పలేకపోయిన" అన్నాను. అది నిజమే. కాని మొత్తం నిజం కాదు. మొదటి రోజు నేను భయపడింది ఆమె కోసం కాదు, షాపు కోసం. ప్లేటు తిరగేసి పెట్టాడని పదిమంది ముందు చెప్పాలి కదా అని. ఆ సంగతి ఆమెతో అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

"నువ్వు చెప్తవా, నేను పోయి చెప్పాల్నా?"

"నేనే చెప్త."

"రేపు పొద్దుగాల. ఆమెకు చెప్పినంక అత్తకు చెప్పుదువు." తలుపు తీసుకొని వెళ్ళింది. వాకిట్లో బిందె ఎత్తుకొని నీళ్ళకు పోయింది. గాజుల చప్పుడు వీధి మలుపుదాకా వినపడింది.

డిసెంబరు 4

ఖాదర్ బీ చేటలో బియ్యం చెరుగుతోంది. రెండు ప్రింట్లూ, ప్లేటూ పట్టుకుపోయాను. ప్లేటును వెలుతురుకు పెట్టి ఇటువైపు నుంచి చూపించాను, తిప్పి అటువైపు నుంచి చూపించాను. ఒకసారికి అర్థం కాలేదు. మూడోసారికి చేట కింద పెట్టింది.

"అంటే సచ్చిపోయింది మావోడు కాదు."

"కాదు."

"మరి నా కొడుకు ఏడున్నడు?"

"తెల్వదు. బతికున్నడో లేడో సుత తెల్వదు. ఆ మనిషి పాతిపెట్టింది సత్తార్‌ను కాదు. గంతే ఎర్క."

తిడుతుందనుకున్నాను. కొట్టినా పడేవాణ్ణి. ఆమె చేతులు రెండూ చీరకు తుడుచుకుంటూనే ఉంది. ఎంత తుడిచినా ఆగడం లేదు.

"బాలనర్సమ్మకు చెప్పినవా?"

"ఎర్కే."

"మీ అమ్మకు?"

"ఇంకా లేదు."

లేచింది. తల మీద చెంగు కప్పుకుంది. చెప్పులు కూడా వేసుకోకుండా నాకంటే ముందు మా ఇంటివైపు నడిచింది. షాపు దగ్గర ఆగి, నా ముఖం చూడకుండా చెయ్యి చాపింది.

"టోపీ ఇయ్యి బేటా. వాడొస్తే పెట్టుకోనికి కావాలె."

ఇచ్చాను. దాన్ని మడిచి నడుముకు చెక్కుకొని మా ఇంట్లోకి పోయింది. అమ్మ పక్కన కూర్చుంది. అమ్మకు చెప్పింది నేనే, కాని చెప్తున్నంతసేపూ అమ్మ చెయ్యి పట్టుకున్నది ఆమె. అమ్మ ఏడ్చింది. ఈసారి నా వైపు చూడలేదు.

డిసెంబరు 5

అంజిలయ్య చనిపోయాడు.

డిసెంబరు 6

నా తమ్ముడు జూన్‌లోనే చనిపోయాడు. నెల రోజులు ఎన్ని లెక్కలు వేశాను, ఎన్ని అట్టలు కోశాను. ఒక్కరోజు వాడి కోసం ఏడవలేదు. ఇవాళ షాపు తలుపు వేసుకొని ఏడ్చాను. వాడికి నత్తి ఉండేది, చిన్నప్పుడు. "అన్న" అనడానికి మూడుసార్లు తంటాలు పడేవాడు.

ఊరంతా తెలిసింది. కరీం సాబ్ వచ్చి ఊరికే కూర్చొని పోయాడు. ప్లేటు సంగతి ఎవరూ ఎత్తలేదు. నా షాపు పరువు గురించి ఎవరికి పట్టింది?

డిసెంబరు 15

పదకొండో రోజు నిన్నటితో ముగిసింది. దేహం లేని మనిషికి ఎట్లా చేయాలో అట్లా చేశాం. పీర్ల పండుగ డప్పులు వినపడుతున్నాయి. అంజిలయ్య, సత్తార్ పీర్ల ముందు కలిసి ఆడేవాళ్ళు. ఈసారి మా వీధికి వచ్చేసరికి డప్పులు ఆపి నడిచారు.

డిసెంబరు 18

కబురు తెలిసి బుర్హానుద్దీన్ సాబ్ అడగకుండానే, తన దగ్గర ఉంచుకున్న కాపీ ప్లేటు నుంచి తమ్ముడి ముఖం పెంచి పంపాడు, 15×12. చుక్కల మీద బ్రష్షుతో దిద్దాడు. ఎవరో గంభీరమైన మనిషిలా ఉన్నాడు. ఉన్నవాటిలో మంచి టేకు పట్టీ తీసి, మెరుగు పెట్టి, దానికి ఫ్రేము కట్టాను. అమ్మ చూసి కళ్ళకు అద్దుకుంది. గోడకు కొట్టాం.

బాలనర్సమ్మ దాని వైపు ఒకసారి చూసి షాపులోకి వచ్చింది. చేతులు బోసిగా ఉన్నాయి. ఆ చేతుల వైపు చూడకూడదనుకుంటూనే చూశాను.

"నాకొకటి కావాలె బావా."

"ఎంత సైజు? నీకేది ఇష్టమైతే గది కడ్త."

"కట్టుడు వద్దు. ఆయన జేబుల ఎంతుండెనో గంత తీయి. ఎట్లుండెనో గట్లనే తీయి."

"తిరగబడ్డదేనా?"

"అవ్. నాలుగేండ్లు ఆయన తీసి సూసుకున్నది గదే గద."

దాచిన ఆ పాత ప్రింటే ఇస్తానన్నాను. అది పాడైంది వద్దన్నది, కొత్తది తీయమన్నది. సత్తార్‌ను కొయ్యొద్దని కూడా చెప్పింది.

ప్లేటు తుడిచాను. ఏ వైపు పూత ఉందో వెలుతురులో చూసుకున్నాను. ఉత్త గాజు కాగితానికి ఆనించి, చట్రం బిగించి, మళ్ళీ ఒకసారి విప్పి చూసి, మళ్ళీ బిగించి ఎండలో పెట్టాను. కాగితం రంగు తిరిగేదాకా ఇద్దరం గడప మీద కూర్చున్నాం. నేను కాగితాన్ని కడిగి, ఆరబెట్టి, వెనక షాపు ముద్ర కొట్టి ఇచ్చాను. కుడిపక్కన అంజిలయ్య. ముఖాలు కొంచెం మసకగా ఉన్నాయి.

నాలుగుంపావు, మూడుంపావు. ఆమె అరచేతిలో పెట్టుకొని చూసి, రవికలో దోపుకొని ఇంట్లోకి వెళ్ళింది. సైజు సరిపోయింది.